చెప్పుడు మాటలు వినే మూడో పిన్నుకు

74హెచ్‌సీ14 చిప్పులో కొలువుదీరిన మూడో పిన్ను గారికి,

మీ దయ వల్ల నిన్న రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉన్నాను.

నేనేమీ పెద్ద కోరిక కోరలేదు. ఒక ఎల్‌ఈడీ సెకనుకోసారి వెలిగి ఆరాలి, అంతే. మీ చిప్పులో ఆరు ఇన్వర్టర్లున్నాయి, అంటే విన్నదానికి తలకిందులు చెప్పేవి: సున్నా వింటే ఐదు వోల్టులు, ఐదు వింటే సున్నా. ఆసిలేటర్‌కు, అంటే ఆగకుండా ఊగే సర్క్యూట్‌కు, వాటిలో ఒక్కటి చాలు. ఒకటో పిన్ను దాని చెవి, రెండోది నోరు. ఒకటో పిన్ను నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్, రెండో పిన్ను నుంచి ఒకటికి లక్ష ఓముల రెసిస్టర్. కెపాసిటర్ మెల్లగా నిండి, దాని వోల్టేజీ పై గీత దాటగానే రెండో పిన్ను సున్నాకు పడిపోతుంది. అప్పుడు కెపాసిటర్ ఖాళీ అవుతూ కింది గీత దాటితే రెండో పిన్నులో మళ్లీ ఐదు వోల్టులు. ఆ రెండు గీతల మధ్య ఎడం ఉంది కాబట్టే ఈ ఊగిసలాట. మీ ‘ష్మిట్ ట్రిగ్గర్’ వంశానికి పేరిచ్చిన ఒట్టో ష్మిట్ 1930ల్లో స్క్విడ్ నరాలను పరిశీలిస్తూ ఈ పద్ధతి కనిపెట్టాడు. సముద్రంలో జీవికి కూడా హద్దు దాటేదాకా పలకకూడదని తెలుసు.

ఎల్‌ఈడీ బరువు ఆసిలేటర్ మీద పడకూడదని, రెండో పిన్ను మాట రెండో ఇన్వర్టర్ చెవి అయిన మీకు చేరవేసి, దాని నోరైన నాలుగో పిన్నుకు ఎల్‌ఈడీ తగిలించాను. అది సగం కాంతితో వెలుగుతూ కూర్చుంది. వేగం ఎక్కువైందేమోనని కెపాసిటర్ 47 చేశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. 100 చేశాను. రెసిస్టర్ మార్చాను, చిప్పే మార్చాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డును తిట్టాను. ఇంతలో చెయ్యి దగ్గరికి తెస్తే కాంతి మారడం మొదలైంది. కాసేపు నా చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నాను కూడా.

భూతద్దం పెట్టి చూస్తే, మీ దగ్గరికి రావాల్సిన తీగ ఒక వరస అవతల దిగి ఉంది. అంటే అంతసేపూ మీకెవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే ఊరుకోవాలా వద్దా? గోడలో కరెంటు తీగలు 50 హెర్ట్జ్‌లో గొణిగితే వింటారు, నా చెయ్యి ఏదంటే అది వింటారు, విన్నదానికల్లా నాలుగో పిన్ను చేత చిందులు వేయిస్తారు. అది సెకనుకు యాభైసార్లు వెలిగి ఆరితే నా కంటికి సగం కాంతి! మీలోకి ఒక మైక్రోఆంపియర్ కూడా పారదు కదా, ఎవరు ఊదినా ఊగుతారు. టీటీఎల్ అనే పాత రకం చిప్పు, మీ బంధువు 7414 నయం. ఖాళీగా వదిలేస్తే చాలావరకు ‘ఒకటి’ (వోల్టేజీ ఉంది) అన్న మాట మీదే ఉండేది.

మీ తోబుట్టువులు, నేను వాడని చెవులు 5, 9, 11, 13లను గ్రౌండుకు కట్టేశాను. పాపం వాళ్లేమీ చేయలేదు గానీ, వదిలేస్తే మీ దారే పట్టి ఊరికే కరెంటు తాగుతారు. ఆవేశంలో వాళ్ల ఔట్‌పుట్‌లను, అంటే నోళ్లను, కూడా కట్టబోయాను. ఐదు వోల్టులిచ్చే కాళ్లను గ్రౌండుకు కడితే షార్టే కదా, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇట్లు,
మీ మీద నమ్మకం పోయినా మీతోనే పని ఉన్నవాడు

తా.క.: తీగ సరిచేసి కరెంటిచ్చాను. ఎల్‌ఈడీ అసలు వెలగలేదు. మిమ్మల్ని మళ్లీ తిట్టి, తీగ పీకబోతుంటే, ఏడెనిమిది సెకన్లకు తీరిగ్గా వెలిగింది. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఇంకా అక్కడే ఉంది.