సైటోకైన్ల వారికి, చిన్న రక్తనాళాల తరఫున

మహారాజశ్రీ సైటోకైన్ల వారికి,

ఒంట్లోని రక్షణ కణాల మధ్య కబుర్లు మోసే ప్రోటీన్లు కదా మీరు, మీ క్షేమం అడగడం అనవసరం. హెపటైటిస్ సి వైరస్ మకాం వేసిన ఒంట్లో ఏళ్ల తరబడి మీకు పనికి కొదవ లేదు. క్షేమం లేనిదల్లా చిన్న రక్తనాళాలకే. వాటి తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వైరస్ కాపురం కాలేయంలో. దెబ్బలు తినేది కాళ్ల చర్మంలోని నాళాలు, నరాలకు రక్తం అందించే నాళాలు, మూత్రపిండాల్లోని వడపోత నాళాలు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఆ అత్తను మనుషులు 1989లోనే గుర్తుపట్టారు, అందుకు 2020లో ముగ్గురికి నోబెల్ కూడా వచ్చింది. మీకింకా ఆనవాలు చిక్కినట్టు లేదు.

ముందుగా బాఫ్ గారూ, మీతోనే పేచీ. వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు చావకుండా కాపాడటం మీ ఉద్యోగం, కాదనను. వైరస్ ఎంతకీ పోకపోయేసరికి వాటికి రోజూ అదే టెన్షన్. మీరేమో "ఉండండి, పెరగండి" అంటూ దన్ను ఇస్తూనే ఉంటారు. చివరికి అవి యాంటీబాడీల మీదే యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఐజీఎం అనే యాంటీబాడీ వెళ్లి సొంతవాడైన ఐజీజీ అనే యాంటీబాడీని పట్టుకుంటుంది. ఆ జోడీ పేరే క్రయోగ్లోబులిన్, చిన్న నాళాల్లో పేరుకునేది అదే.

దీని టక్కరితనం ల్యాబ్‌లో చూడాలి. తీసిన రక్తాన్ని 37 డిగ్రీల వెచ్చదనం తగ్గకుండా గడ్డకట్టించి, గడ్డ పోగా మిగిలిన ద్రవాన్ని, అంటే సీరంను, వేరుచేసి, 4 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచుతారు. ట్యూబు అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. వెచ్చబెడితే మళ్లీ కరిగిపోతుంది. ల్యాబ్‌కు తెచ్చే దారిలోనే రక్తం చల్లబడిందా, మడ్డి కాస్తా గడ్డతో పాటే పోయి, రిపోర్టులో "లేదు" అని వస్తుంది. రోగి కాళ్ల మీద మాత్రం వేలితో నొక్కినా చెరగని ఎర్రటి మచ్చలు అలాగే ఉంటాయి.

ఇక సీఎక్స్‌సీఎల్10 గారు. టి కణాలను నాళం గోడ దగ్గరికి పిలవడంలో మీది అందె వేసిన చెయ్యి. ఈలోగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా గారు నాళం లోపలి పొరను రెచ్చగొడతారు, అది దారిన పోయే తెల్లకణాలను పట్టి ఆపుతుంది. ఐఎల్-6 గారు మంట ఆరకుండా చూసుకుంటారు. యాంటీబాడీలకు తోడుగా పనిచేసే కాంప్లిమెంట్ ప్రోటీన్ సీ4 ఖర్చయిపోయి పరీక్షలో అట్టడుగున కనిపిస్తుంది. కీళ్ల నొప్పులు, నీరసం సరేసరి.

న్యాయంగా ఒక మాట. హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది రక్తంలో క్రయోగ్లోబులిన్లు కనిపించినా, నాళాల వాపు బయటపడేది కొద్దిమందిలోనే. అంటే మీకు నిగ్రహం చేతనవును. చేతనైన పని చెయ్యకపోవడమే నాకు ఒళ్లు మండేది.

పూర్వం మీ చుట్టం ఇంటర్‌ఫెరాన్‌నే మందుగా ఇచ్చి చూశారు. కొందరికి మేలు చేసింది, కొందరికి నరాల బాధ పెంచింది. మీ వంశంలో అంతే మరి. ఇప్పుడు నేరుగా వైరస్‌నే దెబ్బకొట్టే మాత్రలున్నాయి, చాలామందికి 8 నుంచి 12 వారాల్లో వైరస్ మాయం. గొడవ అంతటితో తీరాలి కదా? కొందరిలో వైరస్ వెళ్లిపోయి నెలలు గడిచినా మడ్డి పోదు, మచ్చలు మళ్లీ వస్తాయి. మరీ ముదిరితే రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి బి కణాలనే ఖాళీ చేయించాల్సి వస్తుంది.

మీలో ఒక్కరి మీదే నాకు ఫిర్యాదు లేదు. 2011లో ఈ నాళాల వాపున్న 10 మందికి ఐఎల్-2ను చాలా తక్కువ మోతాదులో ఇస్తే, మిగతా కణాలను అదుపులో పెట్టే టి కణాలు పెరిగాయి, 8 మందికి మేలు కనిపించింది. ఆయనా మీ ఇంటివారే. కాస్త తక్కువగా మాట్లాడటం ఎలాగో ఆయన్ని అడిగి తెలుసుకోండి.

ఇట్లు,
చిన్న రక్తనాళాల వకీలు