ఆ మూడు నెలలు నాన్నవి కూడా

పిల్లల కోసం చూస్తున్నామని ఒక జంట చెప్పగానే మన ఇళ్ళలో అందరి కళ్ళూ అమ్మాయి కంచం మీద పడతాయి. బొప్పాయి ముట్టుకోకు, బయటి తిండి మానెయ్, ఖర్జూరాలు తిను, రాత్రి పాలు తాగి పడుకో. డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, థైరాయిడ్ పరీక్ష, షుగర్ పరీక్ష, ఐదు కిలోలు తగ్గమ్మా అన్న సలహా, అన్నీ ఆమెకే. పక్క కుర్చీలో కూర్చున్నాయన ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. రాత్రి పదకొండింటికి బిర్యానీ, దాని వెనకాల కూల్‌డ్రింకు, నడకన్నది లేని ఉద్యోగం. ఆయన ఏం తింటున్నాడో ఎవరూ అడగరు. రేపు బిడ్డకి ఏ చిన్న తేడా వచ్చినా "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావే?" అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా ఆమెకే వస్తుంది.

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఈ ఏకపక్షం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే గత పదిహేనేళ్ళుగా వస్తున్న పరిశోధన వేరే కథ చెబుతోంది: నాన్న తిండి ప్రభావం కూడా బిడ్డ దాకా చేరవచ్చని.

వీర్యకణం తండ్రి డీఎన్‌ఏని మోసుకొచ్చి అండంలో దించి వెళ్ళిపోతుందని మనం చదువుకున్నాం. ఆ డీఎన్‌ఏ ప్రోటమిన్లనే ప్రొటీన్లతో బిగుసుకుపోయి ఉంటుంది, సిరిసిల్ల నేతన్నలు చీరని అగ్గిపెట్టెలో మడిచి పెట్టినట్టు. అంత బిగువులో జన్యువులు పనిచేయడం దాదాపు ఆగిపోతుంది. మరి నాన్న తిన్న తిండి కబురు ఆ కణంలోకి ఎలా చేరుతుంది?

ఇక్కడే ఎపిడిడైమిస్ వస్తుంది. వృషణం వెనక చుట్టలు చుట్టుకుని ఉండే సన్నటి గొట్టం, సాగదీస్తే ఆరు మీటర్ల దాకా ఉంటుంది. వృషణంలో తయారైన కణాలు ఈ గొట్టం గుండా రోజుల తరబడి ప్రయాణిస్తూ ఈదే శక్తిని సంపాదించుకుంటాయి. ఆ దారిలో గొట్టం గోడల్లోని కణాలు అతి చిన్న పొరసంచుల్ని వదులుతాయి. అవి వీర్యకణాలకి అంటుకుని తమలో ఉన్న చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏని చూసి కణం రాసుకునే నకలు) ముక్కల్ని వాటికి అందిస్తాయి. ఈ ముక్కల్లో ఎక్కువ భాగం ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ తెగి వచ్చినవి. ప్రొటీన్ తయారీకి అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చేదని మా పిల్లలు పరీక్షలో రాసే ఆర్‌ఎన్‌ఏనే ఇది. అది రెండుగా తెగితే ఆ సగానికి వేరే ఉద్యోగం ఉందని ఈ మధ్యే అర్థమవుతోంది. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారదు, కానీ అండంలోకి వెళ్ళే సామానులో ఈ ముక్కల పాళ్ళు మారతాయి.

2010లో అమెరికాలో ఆలివర్ రాండో బృందం మగ ఎలుకలకి ప్రొటీన్ తక్కువున్న మేత పెట్టింది. వాటి పిల్లల కాలేయంలో కొవ్వు, కొలెస్ట్రాల్ తయారుచేసే జన్యువుల పనితీరు మారింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో మార్గరెట్ మోరిస్ బృందం కొవ్వు ఎక్కువ తిన్న మగ ఎలుకల ఆడపిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతిన్నాయని చూపింది. తల్లులు మామూలు మేతే తిన్నాయి. 2016లో సైన్స్ పత్రికలో రెండు పరిశోధనలు పక్కపక్కనే వచ్చాయి. రాండో ప్రయోగశాల నుంచి ఉపాసనా శర్మ బృందం ఈ ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఎపిడిడైమిస్‌లోనే వీర్యకణంలో చేరుతున్నాయని చూపించింది. చైనా శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేసి, కొవ్వు మేత తిన్న ఎలుకల వీర్యకణాల నుంచి ఆ ముక్కల్ని తీసి మామూలు పిండాల్లోకి ఎక్కించారు. పుట్టిన పిల్లలకి గ్లూకోజ్‌ని సరిగ్గా వాడుకోలేని లోపం వచ్చింది. కొవ్వు తిన్నది తండ్రి. బిడ్డలోకి వెళ్ళింది ఆర్‌ఎన్‌ఏ ముక్కలే. ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎలుకల సంగతి మాకెందుకండీ అంటారా? స్వీడన్‌లో లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో అనీటా ఓస్ట్ బృందం 15 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకి ఒక వారం మంచి తిండి, తర్వాతి వారం అదే తిండితో పాటు బోలెడంత చక్కెర పెట్టింది. రోజుకి మూడున్నర లీటర్ల కూల్‌డ్రింకులో ఉండేంత. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం, వీర్యకణాల్లోని ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్కలు వారం రోజుల్లోనే మారిపోయాయి. 2024లో జర్మనీలో రఫాయెలె తెపెరీనో బృందం మగ ఎలుకలకి రెండే రెండు వారాలు కొవ్వు మేత పెట్టి చూసింది. వీర్యకణాల్లో మైటోకాండ్రియాకి (కణానికి శక్తినిచ్చే భాగాలకి) చెందిన ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, అది పిండంలోకీ వెళ్ళింది, మగపిల్లల్లో కొందరికి గ్లూకోజ్ సమస్య వచ్చింది. వాళ్ళే లైప్‌జిగ్‌లో మూడు వేలకు పైగా కుటుంబాల వివరాలు చూస్తే, తల్లి బరువుని లెక్కలోకి తీసుకున్నాక కూడా, గర్భం దాల్చేనాటి తండ్రి బరువుకీ బిడ్డ బరువుకీ లంకె కనిపించింది.

మనుషుల్లో ఫలానా ఆర్‌ఎన్‌ఏ ముక్క వల్ల ఫలానా బిడ్డకి షుగర్ వచ్చిందని ఎవరూ నిరూపించలేదు. స్వీడన్‌లోని ఆ 15 మందికి పుట్టే పిల్లల్ని ఆ పరిశోధన పరీక్షించలేదు. ఎలుకల్లో కూడా అన్ని పిల్లలకీ లోపం రాలేదు. అందుకని రేపటి నుంచి తల్లుల్ని వదిలేసి తండ్రుల్ని దులపమని నేను అనడం లేదు. 2014లో సారా రిచర్డ్‌సన్, ఆమె సహచరులు నేచర్ పత్రికలో ఇలాంటి పరిశోధనల్ని అడ్డం పెట్టుకుని తల్లుల్ని నిందించొద్దని రాశారు. ఆ న్యాయం తండ్రులకీ వర్తిస్తుంది. నేను అడుగుతున్నది నింద గురించి కాదు, పని పంచుకోవడం గురించి.

పైగా ఇందులో మగవాళ్ళకి మంచి కబురు ఉంది. ఆడపిల్ల అండాలు ఆమె పుట్టకముందే ఏర్పడిపోతాయి. మగవాడికి వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూనే ఉంటాయి. తయారీకి సుమారు 74 రోజులు, ఆపైన ఎపిడిడైమిస్ ప్రయాణం, అంతా కలిపి మూడు నెలల లోపు. తెపెరీనో ఎలుకల్లో కూడా కొవ్వు మేత ఆపి కొన్ని వారాలు మామూలు మేత పెట్టాక పిల్లల్లో ఆ ప్రభావం కనిపించలేదు. అంటే దిద్దుకునే అవకాశం మగవాడి చేతిలో ఉంది, వాడుకోమని చెప్పేవాళ్ళే లేరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు ప్రతి ముగ్గురు మగవాళ్ళలో ఒకరు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అయినా మన దగ్గర మగవాడి తిండికీ సంతానానికీ ముడిపెట్టి మాట్లాడేది ఎవరు? గోడల మీద, యూట్యూబులో "వీర్యవృద్ధి" పొడులు అమ్మేవాళ్ళు. దయచేసి ఆ డబ్బాల జోలికి పోకండి. ఈ పరిశోధనల్లో ఎక్కడా ఏ పొడీ లేదు. ఉన్నదల్లా చక్కెర, కొవ్వు, ప్రొటీన్, బరువు. కూల్‌డ్రింకులు మానడం, ప్లేటులో అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచడం, సిగరెట్ ఆపడం, రోజూ కాస్త చెమట పట్టేలా నడవడం. ఆమెకి చెబుతున్నవే, ఇద్దరికీ.

అత్తయ్యలకి, అమ్మలకి ఒక మాట. కోడలికి చెప్పే ప్రతి పథ్యం అబ్బాయికీ చెప్పండి. డాక్టర్లకి ఒక విన్నపం. మొదటిసారి వచ్చిన జంటలో అతన్ని కూడా తూకం ఎక్కించండి, షుగర్ చూడండి, రాత్రి ఏం తింటున్నాడో అడగండి. మూడు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నప్పుడు, ఆమెతో పాటు అతని బరువు కూడా రాసుకోండి.