కరెంటు ఉంటేనే కరెంటు పుట్టించే దొరవారికి

మహారాజశ్రీ ఆవిరి యంత్రం వారి దివ్య సముఖమునకు, శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు ఒక గెడ్డ (వాగు) ఒడ్డున కాపురముంటున్న గృహస్థు రాసుకున్న విన్నపం.

మొన్న మంగళవారం మధ్యాహ్నం తమ దర్శనానికి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. షామియానా కింద రెండో వరసలో, కాలు విరిగిన కుర్చీలో పడిపోకుండా కూర్చోవడానికి తంటాలు పడినది నేనే. మందుల ఫ్యాక్టరీ మురుగునీటిని బొట్టు మిగలకుండా ఆవిరి చేసి, ఆ నీటినుంచే కరెంటు తీసే యంత్రమని కరపత్రంలో వేశారు. ప్రపంచంలోనే మొదటిసారి అని కూడా వేశారు. రెండు గంటలకు ప్రదర్శన అన్నారు. రెండుంపావుకు కరెంటు పోయింది.

పోతే పోయింది, పుట్టించేవారే ఎదురుగా ఉన్నారు కదా అని మేము నిశ్చింతగా కూర్చున్నాం. తమరు ఉలకలేదు, పలకలేదు. మూడున్నరకు ట్రాక్టరు మీద డీజిల్ జనరేటర్ వచ్చింది. డీజిల్ రాలేదు. ఐదు గంటలకు కరెంటు వచ్చేసరికి, బస్సు వేళయిందని ఇంజనీరుగారు వెళ్ళిపోయారు. చల్లటి మజ్జిగ అని చేతికిచ్చిన ప్యాకెట్టు అప్పటికే వేడెక్కింది. ఆ పూటంతా తమ సన్నిధిలో వేడెక్కిన ద్రవం అదొక్కటే.

మా పెద్దమ్మ ఒకప్పుడు బెల్లం పెనం దగ్గర నిలబడ్డ మనిషి. కరపత్రం చదివి వినిపిస్తే ఒకటే అడిగింది: "పొయ్యిలో ఏం పెడతారట?" తమ కరపత్రంలో లేనిది సరిగ్గా అదే. 30 డిగ్రీల నీళ్ళు లీటరు మరగడానికి 70 కిలోకేలరీల వేడి చాలు. మరిగిన నీళ్ళు ఆవిరిగా లేవడానికి ఇంకో 540 కావాలి. వెయ్యి లీటర్లకు లెక్క కడితే దాదాపు 700 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి. మా ఇంట్లో మూడు నెలలు వాడినా అంత కాలదు.

ఆ ఖర్చు తగ్గించే ఉపాయం లేకపోలేదు. మొదటి పాత్రలో లేచిన ఆవిరినే రెండో పాత్రకు పొయ్యిగా వాడతారు. అక్కడ ఒత్తిడి తగ్గించి ఉంచుతారు కాబట్టి నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. మూడో పాత్రలో ఇంకా తక్కువకు. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నోర్బర్ట్ రిల్యూ 1840లలోనే చెరకు రసం కాచడానికి దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంటే తమరు మా పెద్దమ్మ బెల్లం పెనానికి దూరపు చుట్టం. ప్రపంచంలో మొదటివారు మాత్రం కారు.

ఇక కరెంటు సంగతి. ఆవిరయ్యే నీటి నుంచి శక్తి తీయడం అబద్ధమని నేను అనను. 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు, తేమకు ఉబ్బి, ఆరితే ముడుచుకునే బ్యాక్టీరియా బీజాలతో చిన్న యంత్రం చేసి ఎల్‌ఈడీ దీపం వెలిగించారు, బొమ్మ కారు నడిపారు. బొమ్మ కారును బొమ్మ కారు అనే చెప్పారు. తమరేమో ఊరికంతటికీ వీధి దీపాలన్నారు. సరే, దాన్ని వదిలేస్తున్నాను. నాకు దీపాల మీద ఆశ లేదు.

వదల్లేనిది రాత్రి సంగతి. అధికారులు వచ్చే రోజున పొద్దున్న ఆరింటికే తమ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంది, పెళ్ళివారింటి పొయ్యిలాగా. గేటు మీద "ద్రవ వ్యర్థాల విసర్జన: సున్నా" అన్న బోర్డు తుడుస్తారు. జీపు వెళ్ళిపోతుంది. గంటలో ఆవిరి ఆగిపోతుంది. గత నెలలో ఇరవై రాత్రులు మేడెక్కి చూశాను. ఒక్క రాత్రి కూడా ఆ గొట్టం ఊపిరి తీసుకోలేదు. తమరు నిద్రలో ఉంటారు. ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మరి తాగాల్సిన నీళ్ళు తమరు తాగకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? పగలు మామూలుగా ఉండే గెడ్డ తెల్లారేసరికి టీ రంగులో నురగ కట్టి ఎందుకుంటుంది? గేదెలు నీటి దాకా వెళ్ళి మూతి తిప్పుకుని ఎందుకు వస్తాయి?

తమరు అంటూనే ఎంతసేపు ఉండమంటావు? నీకు ఆవిరి పట్టించాలంటే బొగ్గు కాలాలి, బొగ్గుకు డబ్బు కావాలి. గెడ్డకు వాలు ఉంది, వాలుకు పైసా అక్కర్లేదు. నీ కథంతా ఇంతే. నడిపిన రోజైనా సరిగ్గా నడిపారా? మందుల తయారీలో వాడే ద్రావకాలను ముందు వేరుచేసి తీయకుండా నీలో పోస్తే అవి ఆవిరితో కలిసి ఎగురుతాయి, మా ముక్కుల్లోకి వస్తాయి. నీళ్ళు పోయాక అడుగున మిగిలే ఉప్పును ఎండబెట్టి, లారీకెత్తి, పరవాడ దగ్గరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. లారీ వెళ్ళగా చూసినవాడు మా ఊళ్ళో లేడు.

ఇదే జిల్లాలో నౌపడ ఉంది. అక్కడ మడులు కట్టి, సముద్రపు నీళ్ళు పెట్టి, ఎండకు వదిలేస్తారు. సూర్యుడు నీళ్ళు తాగుతాడు, ఉప్పు మిగులుతుంది. ఏ షామియానా లేదు, కరపత్రం లేదు. అయితే అది సముద్రపు నీరు. మందుల ఫ్యాక్టరీ నీటిని అలా మడుల్లో ఆరబెడితే విషం గాలికెక్కుతుంది, నేలకు దిగుతుంది. కాబట్టి చచ్చినట్టు నువ్వే కావాలి మాకు. నీ మీద ఇంత కోపం అందుకే. పనికిరానివాడివైతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మా పడకగది కిటికీ గెడ్డ వైపుకు ఉంది. మూడేళ్ళుగా దాని గడియ తీయలేదు. రాత్రి రెండు గంటలకు నీ గొట్టం నుంచి ఆవిరి లేచిన రోజున మా ఆవిడ్ని లేపి చూపిస్తాను.

ఇట్లు,
రెండో వరస, విరిగిన కుర్చీ.

తా.క. ఆ రోజు షామియానాలో నా గొడుగు మరిచిపోయాను. దొరికితే పంచాయతీ కార్యాలయంలో ఇప్పించగలరు. నల్లది, పాతది. తెరవడానికి కరెంటు అక్కర్లేదు.