మింగిస్ గారింట్లో మకాం వేసిన జెడ్‌కు

ఇంగ్లిష్ అక్షరం జెడ్ (Z) గారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ గ్లాస్గోలో చలి తప్పిస్తే మేం క్షేమం. మీ క్షేమం అడగను. ఐదొందల ఏళ్ళుగా డ్యూటీ చేయకుండా సీటు కాపాడుకుంటున్నవారికి లోటేముంటుంది?

మీకోసం మేం పడ్డ పాట్లు మీకేం తెలుసు! చిన్నప్పుడు మా ఇంగ్లిష్ సారు "జూ కాదురా, తుమ్మెదలా ఝుమ్మనాలి" అని బెత్తం ఊపేవారు. నానా తంటాలు పడి నేర్చుకున్నాను. ఆ ధీమాతోనే ఇక్కడి ఓ ఆఫీసుకెళ్ళి, తలుపు మీద Dalziel అన్న బోర్డు చూసి, "డాల్‌జీల్ గారున్నారా?" అని నిండుగా ఝుమ్మన్నాను. రిసెప్షన్‌లో అమ్మాయి "ఓ, డీ-ఎల్!" అంది. ఇనిషియల్స్ అనుకుని "పూర్తి పేరండీ" అన్నాను. మళ్ళీ "డీ-ఎల్" అంది. పూర్తి పేరే అదట!

తర్వాత ఎయిర్‌షైర్‌లో సముద్రపు కొండ అంచున ఉన్న కల్జీన్ (Culzean) కోటకి టికెట్ అడిగితే, అది "కలేన్" అన్నారు. మెంజీస్ (Menzies) అనే పేరైతే "మింగిస్". బ్రిటన్ రాజకీయ పార్టీ లిబరల్ డెమొక్రాట్ల మాజీ నాయకుడు మెంజీస్ క్యాంప్‌బెల్‌ని అందరూ "మింగ్" అనే పిలిచేవారు. ఇదొక్కటి మాత్రం నాకు వెంటనే వచ్చేసింది. మింగేసిన సంగతి పేరులోనే ఒప్పుకుంటే తెలుగువాడు మర్చిపోతాడా?

ఆరా తీస్తే మీ బండారం బయటపడింది. ఆ సీటు మీది కాదు. 3 అంకెలా తోక వేలాడేసుకుని ఉండే "యోఖ్" అనే పాత అక్షరానిది. దాని పలుకు ఈ పేర్లలో మన "య"కి దగ్గర. చేతిరాతలో అదీ మీరూ కవలపిల్లల్లా ఉండేవారు. 1508 నాటికి ఎడిన్‌బరోలో అచ్చు పని మొదలైంది. అచ్చు అక్షరాల పెట్టెల్లో యోఖ్ లేదు, మీరున్నారు. "ఈ పూటకి సర్దుకుందాం" అని మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఏకై వచ్చి మేకై కూర్చున్నారు.

మా బండి ఱ సీటులోనూ ర కూర్చుంది లెండి. కానీ అది పనిచేస్తోంది. మీరు కుర్చీ ఆక్రమించి నోరు విప్పరు. మెకెంజీ ఇంట్లో అయితే విప్పారు. పూర్వం ఆ పేరు "మెకింగీ" అని పలికేదట. పాపం, ఇప్పుడు ఆ ఇంటివాళ్ళే మీలా ఝుమ్మంటున్నారు.

మీ మీద కేసు వేద్దామని ఇక్కడి చట్టం చూశాను. ఒకరి సొత్తు వాళ్ళ అనుమతి లేకుండా పట్టుకుపోతే స్కాట్లాండ్ చట్టంలో దాన్ని "స్పూలీ" (spuilzie) అంటారు. స్పెల్లింగ్ చూద్దును కదా, నడిమధ్యలో మీరు! సరే, కోర్టులోనే తేల్చుకుందాం అనుకున్నాను. సివిల్ దావాలో ప్రతివాది గెలిస్తే జడ్జిగారు తీర్పులో రాసే మాట "అసోయిలీ" (assoilzie). అందులోనూ మీరే కూర్చున్నారు, అక్కడా నోరు విప్పకుండా.

ఇట్లు,
తుమ్మెద చదువు దండగైనవాడు

తా.క.: షెట్‌లాండ్ దీవుల కౌంటీ కౌన్సిల్ 1975 దాకా మీ పుణ్యమా అని "జెట్‌లాండ్" (Zetland) పేరుతోనే నడిచింది. ఇప్పుడు బోర్డు మార్చారు గానీ, అక్కడి పోస్ట్‌కోడ్ ఇప్పటికీ జెడ్-ఈ అనే మొదలవుతుంది. అందుకే ఈ ఉత్తరం ఆ అడ్రసుకే పంపుతున్నాను.