నోటీసు పంపితే ఇల్లు చేతికొచ్చినట్టు కాదు

"అద్దెకున్నవాళ్లు అగ్రిమెంటు షరతు తప్పితే ఓనరు వాట్సాప్‌లో నోటీసు పెడితే చాలు. 15 రోజులు చూసి తాళం మార్చేయొచ్చు. కరెంటు, నీళ్లు ఆపేయొచ్చు. అడ్వాన్సు మొత్తం ఉంచేసుకోవచ్చు. అగ్రిమెంటు 11 నెలలదే కాబట్టి కోర్టుతో పనిలేదు." ఇంటి ఓనర్ల మధ్య ఈ అర్థం వచ్చే మెసేజీ చాలాకాలంగా తిరుగుతోంది. చెప్పాపెట్టకుండా ఇంకొకరిని అద్దెకు దింపేసినవాళ్లతో వేగడం తలనొప్పే, కాదనను. కానీ ఈ మెసేజీని నమ్మి దిగితే, తప్పు చేసినవాడే కోర్టులో బాధితుడై కూర్చుంటాడు.

ముందుగా ఆ 15 రోజుల సంగతి. అది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లోది. నెలవారీ అద్దెను ముగించడానికి, ఒప్పందంలో వేరే గడువు రాసుకోనప్పుడు ఇవ్వాల్సిన నోటీసు అది. గడువు దాటినా మనిషి కదలకపోతే ఓనరు దావా వేయాల్సిందే. నోటీసు ఆ దావాకు పునాది, అంతే.

పైగా షరతు తప్పినందుకు పంపే నోటీసు వేరు. అదే చట్టం 111(జి) సెక్షన్ ప్రకారం, ఫలానా షరతు తప్పితే ఇల్లు వెనక్కి తీసుకోవచ్చని అగ్రిమెంటులోనే రాసి ఉండాలి. 114ఎ ప్రకారం, ఏ షరతు ఎలా తప్పారో నోటీసులో విడమరిచి చెప్పాలి, సరిదిద్దుకోగలిగినదైతే సరిదిద్దమని అడగాలి, అందుకు తగినంత సమయం ఇవ్వాలి. ఇవేవీ లేకుండా "షరతులు ఉల్లంఘించారు, ఖాళీ చేయండి" అని ఒక్క ముక్క రాసి పంపితే అవతలి లాయరు పని సులువు చేసినట్టే. "4వ క్లాజు ప్రకారం ఇల్లు నివాసానికే వాడాలి. మీరు ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతున్నారు. ఫలానా తేదీలోగా తీసేయండి" అని రాయాలి. అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకిస్తే మాత్రం, దాన్ని నిషేధించే షరతు అగ్రిమెంటులో స్పష్టంగా ఉన్నప్పుడు, ఈ 114ఎ నోటీసు అక్కర్లేదు. అద్దె బకాయి దారి ఇంకొకటి: విచారణ రోజు బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే కోర్టు వాళ్లను ఉండనివ్వొచ్చు. అది 114వ సెక్షన్. ఓనర్లకు మింగుడు పడని సెక్షన్.

మరోపక్క, అద్దె నియంత్రణ చట్టం (అద్దెదారులను ఏ కారణాలతో ఖాళీ చేయించొచ్చో చెప్పే రాష్ట్ర చట్టం) కిందికి వచ్చే ఇళ్లకు 106 నోటీసే అవసరం లేదని 1979లో ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి చెప్పింది. కాబట్టి లాయరును మొదట అడగాల్సింది "ఎన్ని రోజులు?" అని కాదు, "నా ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుంది?" అని.

వాట్సాప్ గురించి క్లుప్తంగా. 106 కోరేది సంతకంతో కూడిన రాతపూర్వక నోటీసు. పోస్టులో పంపాలి, లేదా అద్దెదారుకో ఇంట్లోవాళ్లకో చేతికివ్వాలి. కుదరకపోతే ఇంటికి కనబడేచోట అంటించాలి. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టు (2025 నుంచి ఇది స్పీడ్ పోస్టులో కలిసింది) వెళ్తే, "తీసుకోను" అని తిప్పిపంపినా అందినట్టే కోర్టులు లెక్కేస్తాయి. వాట్సాప్ మెసేజీ ఉంటే ఉండనివ్వండి, దాని మీదే ఆధారపడొద్దు.

ఇక తాళం. మెసేజీలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క ఇదే. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, చట్టప్రకారం కాకుండా బయటికి గెంటబడ్డ మనిషి ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రాదు. దస్తావేజులు ఎన్ని చూపించినా లాభం లేదు. గడువు తీరినవాళ్లనైనా సరే, కోర్టు ద్వారా తప్ప బలవంతంగా ఖాళీ చేయించకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కరెంటు కనీస అవసరమనీ, ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదనీ 2022లో అదే కోర్టు అంది.

11 నెలల అగ్రిమెంటు ఓనరుకు ప్రత్యేక అధికారమేమీ ఇవ్వదు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన అలవాటది. 11 నెలలు దాటాక కూడా మీరు అద్దె తీసుకుంటూ ఉంటే, వాళ్లు మామూలుగా నెలవారీ అద్దెదారులవుతారు. మళ్లీ నోటీసు దగ్గరికే రావాలి.

మెసేజీ అసలు ఎత్తని విషయం ఒకటుంది. చాలామంది ఓనర్ల కేసులు బలహీనపడేది అక్కడే. షరతు తప్పారని తెలిశాక, ఆ తర్వాతి నెల అద్దె తీసుకుంటే ఆ తప్పును మీరు వదిలేసినట్టు ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ కింద వాదించొచ్చు. నోటీసు పంపుతారు, ఒకటో తారీఖున ఫోన్‌పేలో అద్దె పడుతుంది, ఎవరూ పట్టించుకోరు. దావా వేశాక తీసుకున్న అద్దెకు ఈ ఇబ్బంది లేదు. గడువు ముగిసిన తర్వాత డబ్బు పుచ్చుకున్నంత మాత్రాన ఖాళీ చేయమన్న నోటీసు రద్దయినట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది కూడా, ఓనరు ఉద్దేశం చూడాలంది. అయినా ఆ వాదనకు చోటివ్వడం దేనికి? డబ్బు తిప్పి పంపండి. లేదంటే "ఇది అద్దెగా కాదు, ఇల్లు వాడుకుంటున్నందుకు పరిహారంగా, నా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని అదే రోజు రాసి పంపండి.

అడ్వాన్సు మొత్తం ఉంచేసుకోవడమూ అంతే. అలా అగ్రిమెంటులో రాసుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఇచ్చేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. పగిలిన వాష్‌బేసిన్‌కు బిల్లు, బాకీ ఉన్న కరెంటు బిల్లు, రాని అద్దె లెక్క కాగితం మీద పెట్టి, మిగతాది తిరిగి ఇచ్చేయాలి.