తెర కన్నా బల్ల ముఖ్యం: చర్చిలో వలస సినిమాలు

చిత్తూరు, మదనపల్లె వైపు పాత సంఘాల వాళ్లకు ఆర్కాట్ మిషన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడ్డర్ కుటుంబం 1853లో మొదలుపెట్టిన మిషన్ అది. మదనపల్లె మిషన్ ఆసుపత్రి దాని చలవే. 1889లో పుట్టిన అరేబియన్ మిషన్‌ను కూడా తర్వాత ఆ చర్చే తన చేతుల్లోకి తీసుకుంది, కువైట్‌లో ఆసుపత్రి కట్టించింది. ఆ మిషన్ నుంచి ఎదిగిన నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఇవాళ శుక్రవారం వచ్చిందంటే ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన చేసుకుంటాయి. అందులో తెలుగు సంఘాలూ ఉన్నాయి. పీలేరు నుంచో రాయచోటి నుంచో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వెళ్లిన మనిషికి సెలవంటూ దొరికితే కాసేపు తెలుగు వినబడే చోటు అది.

కాబట్టి ఈ ప్రాంతపు చర్చి తిరుపతిలో వలస మీద సినిమా పండుగ పెడతానంటే ‘మీకెందుకయ్యా’ అనడానికి లేదు. ఎవరి వలస చూపిస్తారన్నదే అడగాలి. అమెరికా చర్చిల్లో ఇలాంటి ప్రదర్శనలకు ఒక నేపథ్యం ఉంది. ట్యూసన్‌లోని సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి 1982 మార్చి 24న మధ్య అమెరికా శరణార్థులకు బాహాటంగా ఆశ్రయం ప్రకటించింది. అక్కడి ప్రశ్న వచ్చేవాళ్ల గురించి. మనకు ముందు వెళ్లేవాళ్ల గురించి. అక్కడి సినిమాల జాబితానే తెచ్చి ఇక్కడ వేస్తే జనం అయ్యో పాపం అనుకుని ఇంటికి పోతారు, పొద్దున్నే ఏజెంటుకు డబ్బు కడతారు.

వచ్చేవాళ్లూ లేకపోలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లే. తిరుపతిలో వలస గురించి మాట్లాడుతూ ఆ మాట ఎత్తకుండా దాటేస్తే, ఆ పండుగలో న్యాయం ఫ్లెక్సీ మీదే మిగులుతుంది.

ఇక అనుమతులు. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. చర్చిలో ఉచితంగా వేస్తున్నాం, మనల్నెవరు అడుగుతారులే అనుకుంటారు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకకు ఇచ్చే మినహాయింపు పాటలకు, నాటకాలకు, సౌండ్ రికార్డింగులకే. సినిమాకు కాదు. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నింటిని అవగాహన కోసం ఒక్కసారి వేసుకోనిస్తుంది. కానీ టికెట్టు పెట్టకూడదు, విరాళం అడగకూడదు, ఫైలు ఇవ్వరు కనుక అకౌంటు ఉన్నవాళ్లే నెట్ మీద నడపాలి. సినిమా అయ్యాక అలవాటుగా కానుక సంచి తిప్పారా, ఆ అనుమతి చెల్లదు. స్వతంత్ర దర్శకులతో వ్యవహారం తేలిక. ఊరు, తేదీ, సుమారు ఎంతమంది, ఎన్నిసార్లు అన్న నాలుగు ముక్కలు రాసి అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకున్నట్టు ఈమెయిల్లో తెప్పించుకోవాలి.

రెండోది సెన్సార్. నలుగురికీ చూపించే ఏ చిత్రానికైనా 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ ఉండాలి, యూట్యూబ్‌లో దొరికేదైనా సరే. లేకపోతే చిత్రోత్సవంగా కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. దానికి ప్రతి సినిమా సారాంశం, ముందుగా చూసి ఎంపిక చేసినవాళ్ల పేర్లు ఇవ్వాలి, ప్రదర్శన వ్యాపారం కోసం కాకూడదు, పేరు నమోదు చేసుకున్న ప్రతినిధులే చూడాలి. గేటు మీద ‘అందరూ ఆహ్వానితులే’ అని ఫ్లెక్సీ కట్టి, చేతిలో ఆ మినహాయింపు కాగితం పట్టుకుంటే రెండూ పొసగవు. మొదటిసారి పెట్టేవాళ్లు సర్టిఫికెట్ ఉన్నవే ఎంచుకుంటే సగం తలనొప్పి పోతుంది.

విదేశీ చర్చి ‘ఖర్చు మేం భరిస్తాం’ అంటే కూడా తొందరపడకూడదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. నమోదున్న పక్క సంస్థకు వస్తే వాళ్లు మీకు బదలాయించడానికీ 2020 సవరణ తర్వాత వీల్లేదు. రెండు సాయంత్రాల కార్యక్రమానికి ఊళ్లో చందాలు సరిపోతాయి.

తిరుపతి విషయంలో ఇంకో మాట. తిరుమలలో అన్యమత ప్రచారంపై 2007 నుంచి చట్టపరమైన నిషేధం ఉంది. కొండ కింద ఊరికి అది వర్తించకపోయినా, చర్చిలో సినిమా అనగానే మతమార్పిడి అన్న పుకారు ఫార్వర్డ్ కావడానికి గంట చాలు. ఆ సాయంత్రం ప్రార్థన, పాట, సాక్ష్యం ఏవీ పెట్టకుండా ఉండటమే మంచిది. సంఘపెద్దలకు ఇది రుచించదు, అయినా ఒప్పించాలి. పీలేరు, రాయచోటి వైపు గల్ఫ్ కుటుంబాల్లో ముస్లింలు చాలామంది. వాళ్లు రాకపోతే ఈ పండుగకు అర్థం లేదు. ఆరాధన జరిగే చోట ఆల్టర్‌కు అడ్డంగా తెర కట్టేకంటే పక్కనున్న హాలు నయం.

ప్రేక్షకుల ఫొటోలు తీయొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. చర్చి బెంచీ మీద కూర్చున్న ఫొటో ఫేస్‌బుక్‌లో పడితే రేపు ఎవరి కులధ్రువీకరణ మీద ఫిర్యాదుకు ఆధారమవుతుందో చెప్పలేం. కువైట్‌లో ఇప్పుడు ‘ఖల్లివల్లి’గా, అంటే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇల్లు వదిలి బయట పనిచేస్తున్న మనిషి భార్యో తల్లో ఆ ఫొటోలో ఉంటే అదింకో చిక్కు.

సాంకేతికంగా పెద్ద కష్టం లేదు. 150 మందికి పదడుగుల వెడల్పు తెర, నాలుగు వేల ల్యూమెన్ల ప్రొజెక్టరు చాలు. డిసెంబరులో ఆరున్నరకు బాగా చీకటి పడుతుంది, కిటికీలకు గుడ్డలు కట్టే పనే ఉండదు. తెర కింది అంచు నేలకు నాలుగడుగుల పైన లేకపోతే ముందు వరుస తలలు సబ్‌టైటిళ్లను మింగేస్తాయి. ప్రసంగాలకు సరిచేసిన స్పీకర్లు ఎత్తైన కప్పు కింద సినిమా మాటల్ని గింగురుమనిపిస్తాయి. బాక్సులు ముందుకు జరిపి, బేస్ తగ్గించాలి.

అసలు సమస్య సబ్‌టైటిళ్లే. తెలుగు ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో ఒత్తులు విడిపోయి అక్షరాలు గడులైపోతాయి. అందుకే వాటిని వీడియోలోనే ముద్రించేయాలి. అది చేసినా, ఖద్దామాగా వెళ్లేవాళ్లలో పదో తరగతి దాటనివాళ్లే ఎక్కువ. రెండు సెకన్లలో మాయమయ్యే వరుసను చదవలేరు. స్త్రీల సమాజంలో గొంతు బాగున్న ఇద్దరికి స్క్రిప్టు ఇచ్చి, మూడుసార్లు రిహార్సల్ చేయించి, మైకులో తెలుగు చెప్పించడం మేలు. వాళ్లు ‘యజమాని’, ‘నివాస అనుమతి’ అనకూడదు. ‘బాబా’, ‘బతాకా’ అనాలి. హాల్లో వాళ్లకు తెలిసిన మాటలు అవే.

ఒక సాయంత్రానికి ఒక్క సినిమా చాలు, తొంభై నిమిషాలు మించకుండా. రోజుకు ఐదు వేస్తే ఐదోది ఎవరికీ గుర్తుండదు. తిరిగొచ్చిన ఆడవాళ్లను వేదిక మీదికి పిలిచి ‘మీ బాధ చెప్పండమ్మా’ అని మైకు ఇవ్వడం మానాలి. వాళ్లు మళ్లీ అదే వీధిలో తిరగాలి.

దాని బదులు తలుపు దగ్గర ఒక బల్ల, ఒక జిరాక్సు మిషను పెట్టాలి. వెళ్లబోయేవాళ్లకు అక్కడ నాలుగు సంగతులు తెలియాలి. ఈసీఆర్ (దేశం దాటే ముందు వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దాని మీద జీఎస్టీ. లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. విజిటింగ్ వీసా మీద పంపిస్తానన్నాడంటే ఆ కాగితాల్లో ఆమె పనిమనిషి కాదు, కాబట్టి పనిమనిషికి ఉండే రక్షణా ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు.

అక్కడ ఇరుక్కున్నవాళ్ల ఇంటివాళ్లు వస్తే పాస్‌పోర్టు, వీసా, బతాకా కాపీలు, కఫీల్ ఫోను నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ తీసుకుని అక్కడికక్కడే విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ ‘మదద్’లో ఎక్కించాలి. చాలా ఇళ్లల్లో వీసా కాపీ కూడా ఉండదు, ఏజెంటు ఇవ్వడు. కువైట్ 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదంటుంది, వారానికో సెలవు ఇమ్మంటుంది, పాస్‌పోర్టు లాక్కోవద్దంటుంది. ఇంటివాళ్లకు ఇది తెలిస్తే ఫిర్యాదులో ‘కష్టపెడుతున్నారు’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా రోజుకెన్ని గంటల పని, ఎన్ని నెలల జీతం బాకీ, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది అన్నవి రాస్తారు. రాయబార కార్యాలయం కదలడానికి పనికొచ్చేవి ఆ వివరాలే.

తేదీ సంగతి. అంతర్జాతీయ వలసదారుల దినం డిసెంబర్ 18. వైకుంఠ ఏకాదశి డిసెంబరు రెండో సగంలోనో జనవరి మొదటి సగంలోనో వస్తుంది. ఆ రోజుల్లో తిరుపతిలో పోలీసులకు తీరిక ఉండదు, బస్సులో సీటు దొరకదు, కాబట్టి క్యాలెండరు చూసుకుని అవసరమైతే చిత్తూరుకో మదనపల్లెకో మార్చాలి. వారం మాత్రం శుక్రవారమే. మనకు సాయంత్రం ఆరున్నర అయితే కువైట్‌లో నాలుగు, సెలవు రోజు. బల్ల దగ్గర కూర్చున్న తల్లి ఫోను చేస్తే కూతురు ఎత్తే అవకాశం ఉన్నది ఆ వేళకే.