ఏతం తోడిన నేల మీద లీవరు కాఫీకి అపనింద

పది రోజులుగా ఒకే సందేశం నా ఫోనుకు వస్తోంది. విజయనగరంలోనే ఉన్న చిన్నాన్న పంపారు, శ్రీకాకుళం నుంచి వదిన పంపింది, ఇంకా ఎవరెవరో పంపారు. ‘చేతి లీవరు కాఫీ మెషీన్లు కొని మోసపోకండి’ అని దాని మొదలు. కరెంటు పంపు బదులు పొడుగాటి పిడిని చేత్తో నొక్కి కాఫీ దించే మెషీన్లు ఇవి. అందులోని ఆరోపణలు ఇవి. ఎస్ప్రెస్సోకు, అంటే వేడినీటిని మెత్తటి పొడిలోంచి గట్టి ఒత్తిడితో తోసి తీసే చిక్కటి కాఫీకి, కావలసిన 9 బార్ల (బార్ ఒత్తిడి కొలత) ఒత్తిడి మనిషి చేతికి రాదు. 15 బార్ల పంపు మెషీనే అసలైనది. లీవరు పాత సరుకు, ఇటలీవాళ్లు దాన్ని 1961లోనే పారేశారు. మన అరకు గింజలు దీనికి పనికిరావు, ఇటలీ గింజలే కావాలి. నురగ మందంగా రాకపోతే అది ఎస్ప్రెస్సోయే కాదు. ఆ చిన్న కప్పు గుండెకు ముప్పు. పిడి ఎగిరి దవడ పగులుతుంది. కరెంటు లేని మెషీనులో వేడి నిలవదు, కాఫీ పుల్లగా వస్తుంది.

లీవరు మెషీను కొందామని డబ్బు దాచుకుంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు ఇది చదివి వెనక్కి తగ్గారు. ఇదంతా నిజమేనా అని నన్ను అడిగారు. నాలుగేళ్లుగా రోజూ ఈ పిడి నొక్కుతున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక జవాబు రాస్తున్నాను.

ముందు ఒత్తిడి సంగతి. మాస్టారూ, లెక్క మీరే సరిచూడండి. నీటిని పొడిలోకి తోసే పిస్టన్ వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 12.6 చదరపు సెంటీమీటర్లు. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద కిలో కంటే కాస్త ఎక్కువ బరువు. 9 బార్లు కావాలంటే పిస్టన్ మీద దాదాపు 115 కిలోలు పడాలి. సందేశం ఇక్కడే ఆగిపోయింది. 115 కిలోలు చేత్తో నొక్కేవాళ్లు ఎవరుంటారని అడిగింది. మధ్యలో లీవరు ఉన్న సంగతే మరిచిపోయింది! ఇరుసు నుంచి పిస్టన్ ఉన్న దూరానికి ఐదింతల దూరంలో మన చెయ్యి ఉంటే, చేతి మీద పడేది 23 కిలోలే. రెండు చేతులతో పట్టుకుంటే ఒక్కో చేతికి 12 కిలోల లోపే.

ఏతంతో మళ్లకు నీళ్లు తోడిన తాతలున్న జిల్లాలు మనవి. నిలువు గుంజ, దాని మీద ఊగే దూలం, ఒక కొసన బొక్కెన, మరో కొసన బరువు. చేతులతో నేరుగా చేదుకుంటే అరగంటలో అలసిపోయే మనిషి, ఆ దూలం సాయంతో పూటంతా తోడేవాడు. ఇంటి వంటగట్టు మీద నా మెషీను చేసేదీ అలాంటి పనే. దానికి చిన్న ఒత్తిడి ముల్లు బిగించి ఉంటుంది. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్న మనిషి. ఆమె నిలబడి పిడి మీద మెల్లగా వాలితే ఆ ముల్లు 8కీ 9కీ మధ్య నిలుస్తుంది. రోజూ చూస్తున్నాను.

ఇక 15 బార్లు. అట్టపెట్టె మీద ముద్రించే ఆ అంకె పంపుది, కాఫీది కాదు. నీళ్లు బయటికి పోయే దారి మూసేస్తే పంపు తేగల గరిష్ఠ ఒత్తిడి అది. మంచి పంపు మెషీన్లలో ఒత్తిడి 9 దగ్గరికి రాగానే మిగిలినదాన్ని వదిలేసే వాల్వు ఉంటుంది. బోరు మోటారు మీద రాసిన ఎత్తు చూసి, కుళాయిలో నీళ్లు అంత ఎత్తుకు ఎగురుతాయని ఎవరూ అనుకోరు కదా.

పాత సరుకు అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే చరిత్ర దానికి పూర్తిగా ఎదురు. 1901లో మిలాన్‌లో లుయిజి బెజ్జెరా పేటెంటు తీసుకున్న మెషీను ఆవిరితో నడిచేది. దాని ఒత్తిడి సుమారు ఒకటిన్నర బార్, మన ప్రెజర్ కుక్కర్ కంటే కొంచెం ఎక్కువ. ఆ కాఫీకి మాడు రుచి తగిలేది, పైన నురగ కట్టేది కాదు. అదే నగరానికి చెందిన అకిల్లె గాజ్జా 1938లో ఆవిరి అక్కర్లేని పద్ధతికి పేటెంటు కోరాడు. యుద్ధం ముగిశాక స్ప్రింగు లీవరుతో (పిడి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది, ఆ స్ప్రింగే పిస్టన్‌ను తోస్తుంది) ఒత్తిడిని 8, 9 బార్లకు చేర్చాడు. క్రేమా అని పిలిచే బంగారు రంగు నురగ అప్పటి నుంచే కప్పులో కనిపించింది. ఈ రోజు మనం ఎస్ప్రెస్సో అంటున్నది లీవరు కడుపున పుట్టిన బిడ్డ.

1961లో ఫేమా సంస్థ ఇ-61 అనే మెషీనుతో విద్యుత్ పంపు తెచ్చిన మాట నిజమే. అయితే ఇళ్ల కోసం చేసిన లా పవోనీ యూరోపిక్కోలా లీవరు మెషీను కూడా ఆ ఏడాదే వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. నేపుల్స్ నగరంలో కాఫీ దుకాణాలవాళ్లు నేటికీ లీవర్లు లాగుతున్నారు. స్ప్రింగు చాచుకునేకొద్దీ ఒత్తిడి మెల్లగా తగ్గుతుంది కాబట్టి చివరి చుక్కల్లో చేదు పలచబడుతుంది. పంపుల్లో ఆ తగ్గుదలను తేవడానికి ఇప్పుడు ప్రత్యేకంగా ఎలక్ట్రానిక్ అమరికలు పెడుతున్నారు. చేత్తో నొక్కే మెషీనులో అది మన అరచేతిలోనే ఉంది.

గింజల మాటకు వద్దాం. ఇటలీలో కాఫీ పంట చెప్పుకోదగ్గంతగా లేదు. వాళ్లు గింజలు కొని వేయిస్తారు. మన దేశపు కాఫీని అందరికంటే ఎక్కువగా కొంటున్న దేశం ఆ ఇటలీయే! అరకు లోయ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు ఘాటు రోడ్డెక్కే ముందు దాటే శృంగవరపుకోట మన విజయనగరం జిల్లా ఊరే. కళ్ల ముందున్న కొండ గింజను కాదని, ఎప్పుడు వేయించారో తెలియని విదేశీ పొట్లం కోసం ఎదురుచూడమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. పొట్లం మీద వేయించిన తేదీ ఉండాలి, అది నెల లోపుదై ఉండాలి. నేను చూసేది అంతే.

పొడి మాత్రం అప్పటికప్పుడు మెత్తగా ఆడుకోవాలి. మొదటి వారం నేను బజారులో ఆడించిన ఫిల్టరు కాఫీ పొడి వేశాను. పిడి ఏ అడ్డూ లేకుండా జారిపోయింది, 8 సెకన్లలో కప్పులో గోధుమరంగు నీళ్లు. పొడి ముతకగా ఉంటే నీరు నిలవదు, నీరు నిలవకపోతే ఒత్తిడి పుట్టదు. చికోరీ కలిపిన పొడి కూడా ఇందులో వద్దు. తర్వాత చేతి మర కొన్నాను. 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 30 సెకన్లు. ఈ కొలతకు చేరాక రుచి కుదురుకుంది. డబ్బు తక్కువైతే మెషీను దగ్గర తగ్గండి, మర దగ్గర తగ్గకండి.

మందమైన నురగ నాణ్యతకు గుర్తు కాదు. వేయించిన గింజలో మిగిలిన కార్బన్ డయాక్సైడ్, గింజ నూనె కలిసి ఆ నురగ కడుతుంది. గింజల్లో రోబస్టా అనే మరో రకం వాటా పెరిగితే నురగ ఇంకా పెరుగుతుంది, రుచి పెరగాలని లేదు.

గుండె విషయం తేలిగ్గా తీసుకోను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 దాటకూడదు. 30 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సోలో ఉండేది సుమారు 60. నేను చేసే రెట్టింపు మోతాదుకు 120 వేసుకోండి. చిక్కదనం చూసి భయపడుతున్నారు గానీ, మొత్తం లెక్కలో అది ఒక కప్పు కాఫీయే. గర్భిణులు, గుండె జబ్బుకు మందులు వాడేవారు మాత్రం ఏ కాఫీకైనా వైద్యుణ్ణి అడగాలి.

దవడ పగలడం అన్న మాటలో నిజం ఉంది. స్ప్రింగు లీవరును కిందికి లాగినప్పుడు బుట్టలో పొడి లేకపోయినా, ముతకగా ఉన్నా పిడి ఒక్కసారిగా పైకి తన్నుతుంది. ముఖం దాని దారిలో ఉండకూడదు, పిడిని మధ్యలో వదలకూడదు. బాయిలరు ఉన్నవాటిలో ఒత్తిడి దిగకముందే బుట్ట ఊడదీస్తే వేడి పొడి చిమ్ముతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ రెండూ గుర్తుంచుకోవాలి. నా దానిలా స్ప్రింగు లేని, బాయిలరు లేని మెషీనులో ఈ బెడద లేదు.

పులుపు ఆరోపణ కూడా సగం నిజం. చల్లని ఇనుములో మరిగిన నీళ్లు పోస్తే ఆ వేడిని ఇనుమే తాగేస్తుంది, కాఫీ పుల్లబడుతుంది. అందుకే నేను నీళ్లు మరుగుతున్నప్పుడే పిస్టన్ గొట్టాన్ని కెటిల్ మూతి మీద బోర్లిస్తాను. గొట్టం లోపల ఆవిరి చెమటలా పట్టి చుక్కలు జారడం మొదలవుతుంది. నిమిషంన్నర తర్వాత గుడ్డతో పట్టుకుని బిగించి నీళ్లు పోస్తాను. ఈ పని చేసిన రోజు పులుపు లేదు. గ్యాసు పొయ్యి ఉంటే చాలు, కరెంటుతో పని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వైరు లేని వస్తువు విలువ శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పాలా?

మాస్టారూ, కొనాలా వద్దా అన్నది ఈ వారమే తేల్చకండి. ఆదివారం ఉదయం మా ఇంటికి రండి, అయ్యకోనేరు గట్టు దగ్గరే. మొన్న మంగళవారం వేయించిన అరకు గింజలు ఉన్నాయి. మర మీరు తిప్పండి, పిడి మీరు నొక్కండి, ముల్లు ఎక్కడ నిలిచిందో మీ కళ్లతో చూడండి.